చాప మీద నాలుగు నెలలు

కళింగపట్నం
4 జూన్ 1968

నరసింగరావు బావకి,

మీ ఉత్తరం చేరింది. రెండుసార్లు చదివాను. అనారోగ్యం కింద ఉద్యోగం మానేసి విజయనగరంలో మీ ఇంట్లో ఉండమన్నారు. నీలవేణి పోయినప్పటి నుంచి మీ దగ్గరే ఉన్న చిన్నతల్లిని అక్కడి బడిలోనే వేసేస్తామన్నారు. బొక్కెనెడు నీళ్లు తోడుకోలేనివాడు ఆడపిల్లను ఏం పెంచుతాడని అడిగారు. మీ చెల్లెలి బిడ్డ మీద మీకున్న ప్రేమను శంకించను. కానీ ఉద్యోగం మానను. బిడ్డను ఇవ్వను.

దసరా వరకు గడువివ్వండి. అప్పటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేల మీంచి లేవలేకపోతే మీ మాటే నా మాట.

అత్తయ్యగారు పంపిన అసిరయ్య సంగతి మీకు తెలిసి ఉండదు. ఎదురుకాళ్లతో పుట్టినవాడు తంతే నడుము నొప్పి పోతుందని మన వైపు నమ్మకం కదా. "కదలకండి బాబూ, మూడు తాపులే. నాలుగో తాపు అడిగినోడు ఇంతవరకూ లేడు" అన్నాడు. నేనూ అడగలేదు. మూడు రోజులు మంచం దిగలేదు.

నాలుగో రోజున ఎల్లాజీ వచ్చాడు. నా పాత విద్యార్థి. ఇక్కడి పడవలవాళ్ల అబ్బాయి. పూనాలో మిలిటరీ ఆసుపత్రిలో, యుద్ధంలో దెబ్బ తిన్న జవాన్లకు కసరత్తు చేయించి నడిపించినవాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో అదే పని. ఫిజియోథెరపిస్టు అంటారు. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించి చూశాడు. ఒక్కొక్క కాలూ ఎత్తించి చూశాడు. "ఎముక బాగానే ఉన్నాది మాస్టారూ. నెలల తరబడి పడుకొని కండను పాడు సేసుకున్నారు. ఇక తన్నించుకోకండి" అన్నాడు. ప్రతి ఆదివారం వస్తానన్నాడు.

గణపతిరావు


కళింగపట్నం
21 జులై 1968

బావా,

లెక్కల మాస్టారు పల్లెకారు కుర్రాడి ముందు చాప మీద దొర్లుతున్నాడని ఊరు నవ్వుతోందని విన్నట్టు రాశారు. నవ్వుతోంది. మొన్న చేపలు తెచ్చిన మరిడమ్మ గుమ్మంలో గంప దించి, "ఏటి మాస్టారూ, ఒడ్డున పడ్డ సేపలాగ నోరు తెరుస్తన్నారు!" అంది.

"నువ్వోపాలి పడుకో అత్తా, తెలుస్తాది" అన్నాడు ఎల్లాజీ.

"నాకెందుకురా? నా నడుం సంగతి గంప సూసుకుంటాది."

చేసేది మీరనుకున్నంత వింత కాదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ బొడ్డును లోపలికి తీసుకోవాలి. తర్వాత నడుమును పూసపూసగా పైకి లేపాలి. ఇంకొకటి, చేతుల మీదా మోకాళ్ల మీదా ఆని ఒక పక్క చెయ్యీ, రెండో పక్క కాలూ చాచడం. అప్పుడు నా నడుము మీద నీళ్ల గ్లాసు పెడతాడు. ఒలికితే మళ్లీ మొదలు. మంచం కోడుకు సైకిలు ట్యూబు కట్టి కాలితో లాగిస్తాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉన్న ఒక జర్మన్ ఆయన మంచాలకు స్ప్రింగులు కట్టి రోగుల చేత ఇలాగే చేయించాడని పూనాలో విన్నాడట. "ఊపిరి బిగబట్టకండి. వల లాగీటప్పుడు మావోళ్లెందుకు కేకేస్తారనుకున్నారు? ఒళ్లు పులిస్తే పరవాలేదు. పోటొస్తే మాత్రం ఆపీండి. ఆపితే పరువేటీ పోదు."

ఇక మీరడిగిన మాట. మొదట్లోనే వైద్యం ఎందుకు చేయించుకోలేదని. బడి మెట్ల మీద జారానని మీకు రాశాను. అది అబద్ధం. చివరి రెండు నెలలూ జబ్బుతో నీలవేణి లేచి నిలబడలేకపోయింది. అన్నకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. రోజూ నేనే ఎత్తి పెరట్లోకి తీసుకెళ్లేవాణ్ణి. మనిషిని సాయం పిలవడానికి అహం అడ్డొచ్చింది. ఒకరోజు ఊపిరి బిగబట్టి ఎత్తాను. నడుములో ఏదో కలుక్కుమంది. ఇద్దరం నేల మీద పడ్డాం. తనూ ఎదురుకాళ్లతోనే పుట్టిందని మీకు నేను చెప్పాలా? ఊళ్లో అందరి నడుములూ తన్నింది. పదకొండేళ్ల కాపురంలో నాకు పట్టేసినప్పుడల్లా మాత్రం "మొగుణ్ణి తన్నమంటారేటి, నరకానికి పోతాను" అని తప్పించుకునేది. ఆ రోజు నా పక్కన పడి ఉండి, కాలు మెల్లగా జరిపి నా నడుముకు ఆనించింది. "పోతే పోతాను" అంది. తర్వాత పద్దెనిమిది రోజులు బతికింది. ఆమె ముట్టిన చోటు అది. అక్కడి నొప్పి పోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఏ డాక్టరు దగ్గరకూ వెళ్లలేదు. నొప్పిని కాపాడుకుంటూ పడుకున్నాను. నేను పడుకుని ఉండగానే బిడ్డ మీ ఇంటిదైపోయింది.

ఇది ఎల్లాజీకి చెప్పాను. అంతా విని "సాప పరవమంటారేటి?" అన్నాడు. పరవమన్నాను.

మీ చెల్లెలికిచ్చిన మాట తప్పి ఇది రాశాను. నన్ను నిందించండి. గడువు మాత్రం తగ్గించకండి.

గణపతిరావు


కళింగపట్నం
29 సెప్టెంబరు 1968

బావా,

మీరు కేంపులో ఉండగా మీ ఇంటికొచ్చి చిన్నతల్లిని తీసుకొచ్చేశాను. ఇంట్లోవాళ్లు చెప్పేలోగా నేనే చెప్పాలని రాస్తున్నాను.

అరుగు మీద అత్తయ్యగారు, మీ పొరుగు కొండబాబు, ఇంకో నలుగురు ఉన్నారు. అందరి ముందూ నేల మీద కూర్చున్నాను. చెయ్యి ఆనించకుండా లేచాను. కొండబాబు "సర్కస్ కంపెనీవాళ్లు సూస్తే వదల్రు" అన్నాడు. అత్తయ్యగారు నవ్వలేదు. చిన్నతల్లిని నా ముందుకు తోశారు.

"లెగడం సూశాను బాబూ. బిడ్డనెత్తు. ఎత్తి ఈధి మలుపు దాకా నడు. అప్పుడు తీసుకుపో."

ఎత్తగలను. ఆ మలుపు దాకా మోయగలను కూడా. కానీ మర్నాడు లేవగలనో లేదో తెలియదు. బరువులు ఇంకో ఆరునెలలు వద్దని ఎల్లాజీ చెప్పాడు. ఒకసారి అహానికి పోయి ఎత్తినవాణ్ణి. ఎత్తనన్నాను.

"బిడ్డనెత్తలేనోడివి బిడ్డనేటి పెంచుతావు?" అన్నారు. అరుగు మీద అందరూ నన్నే చూశారు. వెనకటి గణపతిరావయితే ఆ చూపుకే ఎత్తేసేవాడు.

"ఏడేళ్ల పిల్ల అత్తయ్యా. చంటిది కాదు. దీనికి కావలసింది మోసేవాడు కాదు, రేపు పొద్దున్న లేచి ఉండేవాడు" అన్నాను.

మీ మేనకోడలు అందరివంకా ఓసారి చూసి, "నాను నడిసొస్తాను కదేటి, ఎత్తడమెందుకు?" అంది. నా చెయ్యి కూడా పట్టుకోకుండా మలుపు దాకా నడిచి, అక్కడ ఆగి నన్ను పిలిచింది. అత్తయ్యగారు లోపలికెళ్లి జంతికల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇదైనా మొయ్యి" అన్నారు. కళ్లు తుడుచుకున్నారు.

నేను మీకిచ్చిన మాట నేల మీంచి లేస్తానని. లేచాను. ఎత్తుతానని ఎన్నడూ అనలేదు. మీకు కోపం వస్తే రండి, ఎదురుగా కూర్చుని తిట్టండి.

పిల్ల బట్టల పెట్టె అక్కడే ఉండిపోయింది. శ్రీకాకుళం బస్సు పైన వేయించండి. స్టాండుకు చిన్నతల్లీ నేనూ వస్తాం. కూలివాణ్ణి పిలిచి దింపిస్తాను. నేను ఎత్తను.

గణపతిరావు