చిన్నమామ వడ్డన

బమ్రోలి, సూరత్

తమ్ముడు లింగానికి అన్న రాసేది.

మొన్న టీకా లైన్లో నలుగురి ముందు నా కోడలు పద్మారాణిని "లాక్‌డౌన్‌ల రేషన్ బియ్యమంతా నువ్వే మింగినవా ఏంది?" అని నవ్వితివి. అప్పటినుంచి ఆమె అన్నం ముట్టక షుగర్ గోలీలే మింగింది. నిన్న మగ్గానికి దారం కండెలు చుడుతూ కళ్లు తిరిగి పడింది.

ఒళ్లు పెరిగేది ఒక్క తిండితోనే కాదట. నిద్ర లేకున్నా, దిగులుతో రంది పడ్డా కొవ్వు చేరి షుగర్ తెస్తుందట. పస్తుండి ఆ గోలీలు మింగితే ప్రాణానికే ముప్పని డాక్టర్ నన్ను తిట్టాడు. నోరు నీది, తిట్లు నాకా?

ఎంత చెప్పినా "చిన్నమామ అన్నది నిజమే గద మామా" అంటోంది, ముద్ద ముట్టదు.

ఆదివారం రా. మన ఇళ్లల్లో కోడళ్లు మామల ముందు తినరని నాకూ తెలుసు. ఆ రోజు ఆమె కూర్చుంటుంది, నువ్వు నిలబడి వడ్డిస్తావు. ఆమె చాలనేదాకా గంటె దించకు.