పదికి ఎంత అమ్మా?

ఊటీ,
గురువారం.

అమ్మకు నీ చిన్న కూతురు రేవతి నమస్కారాలు చేసి రాస్తున్నది. నేనిక్కడ పరుగు క్యాంపులో బాగున్నాను. మాటవరసకు రాసే బాగున్నాను కాదు, నిజంగానే బాగున్నాను. నీ మోకాళ్ళు, నాయన దగ్గు ఎలా ఉన్నాయి? అక్క, పాప ఎలా ఉన్నారు? ఫోన్‌లో అడిగితే "ఏముండాదిలే, బాగుండాము" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడి చలి సంగతి ఏం చెప్పమంటావు! తెల్లవారుజామున పరుగుకు బయటికొస్తే ముక్కు ఉందో ఊడిందో తడిమి చూసుకోవాలి. స్వెటర్ ఇచ్చారు, బెంగపడకు. గుడ్లు, చపాతీలు, పాలు కడుపునిండా పెడుతున్నారు. రాగి సంగటి మాత్రం కల్లోకి వస్తోంది.

మా కోచ్ కుప్పం ఆయన. గుండె ఎంత వేగంగా కొట్టుకుందో మా చేతికున్న వాచీ చెబుతుంది. అది చాలదట. పరుగైన అరగంటకు ఒక్కొక్కరినీ పిలిచి, ఈ రోజు ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటారు. వెంటనే అడిగితే చివర్లో ఎక్కిన ఎత్తొక్కటే గుర్తుంటుందని ఆగుతారు. సున్నా అంటే ఊరికే కూర్చున్నట్టు. పది అంటే ఇక నావల్ల కాదని. ఆ అంకెను బట్టే మర్నాటి పరుగు పెరుగుతుంది, తగ్గుతుంది.

మిగతా అమ్మాయిలు ఏడు, ఎనిమిది అనేవాళ్ళు. నేను ఊపిరాడకపోయినా రోజూ "రెండు సార్" అనేదాన్ని. అలిపిరి మెట్లెక్కేటప్పుడు "కాళ్ళు నొస్తాండాయని అనగూడదు, గోవిందా అను" అని నువ్వు నేర్పింది ఒంట్లో ఇంకిపోయింది కదా! పైగా నెలాఖరులో జట్టుకు సెలక్షన్. కష్టమంటే ఇంటికి పంపేస్తారని భయం. సార్ నా మాట నమ్మి పరుగు పెంచుకుంటూ పోయారు. రెండు వారాల కిందట కొండ సగంలో పిక్క పట్టేసి కూలబడ్డాను. కంగారుపడకు, ఇప్పుడు తగ్గింది.

సార్ వచ్చి పక్కన కూర్చున్నారు.

"రెండు రెండని సెప్పే పాపకు కాలెట్ల పట్టింది? నీ లెక్కలో పదంటే ఏందమ్మా?"

"తిరుమల దారిలో మోకాళ్ళమెట్టు సార్, మా అక్క పాపను సంకనేసుకుని."

"ఆడ కష్టమని అంటావా?"

"అనగూడదు సార్. అమ్మ తిడతాది."

ఆయన పగలబడి నవ్వారు. "మా అమ్మా అంతేలే. సామికి సెప్పకపోయినా తెలుస్తాది. నాకు సెప్తేనే తెలుస్తాది."

ఏడుపొచ్చేసింది. ఇన్నాళ్ళూ ఎనిమిదీ తొమ్మిదీనే అని చెప్పేశాను. ఇక పెట్టె సర్దుకోమంటారనుకున్నాను. ఆయన కాలు తగ్గేదాకా నడక చాలన్నారు, తర్వాత మెల్లగా పరుగు పెంచారు. నిన్న అదే కొండ ఆగకుండా ఎక్కాను. అడిగితే కాసేపు ఆలోచించి "ఆరు" అన్నాను. "ఇది నమ్ముతా" అన్నారు. సెలక్షన్‌లో నా చోటు ఎక్కడికీ పోదు, చూస్తూ ఉండు.

చెనక్కాయల పొడి కొంచెం పంపు. ఊరగాయ వద్దు, పోయినసారి నూనె కారి బట్టలన్నీ పాడైనాయి. నాయనకు, అవ్వకు నా దండాలు. పాపకు ముద్దులు. అమ్మవారి గుడి ముందు పూలబుట్ట పెట్టుకుని అమ్మేటప్పుడు నా కోసం ఒక్క దండం పెట్టుకో.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఆ రోజు బుట్ట ఖాళీ అయి ఇంటికొచ్చాక, అరగంట కాళ్ళు చాపుకుని కూర్చో. అప్పుడు నేను అడుగుతాను, పదికి ఎంత అని. "ఏముండాదిలే" అంటే ఒప్పుకోను. తొమ్మిదంటే పొద్దున పూట బుట్ట దగ్గర అక్కను కూర్చోమంటాను. అంతేగానీ నువ్వు ఏ అంకె చెప్పినా పరుగు వదిలేసి వచ్చేయనమ్మా. ఆ భయంతో నాకు రెండు అని చెప్పొద్దు.

నీ ఆశీస్సులు కోరే
రేవతి