ఫిలోమెనా గారి సూప్‌లో ఎర్ర వైన్

బారీ, సోమవారం పొద్దున

మూడో అంతస్తు ఫిలోమెనా గారికి, కింది వాటాలో కొత్తగా దిగిన ఎర్మెస్ నమస్కారాలు.

నిన్న నేను కుళాయి బాగుచేసింది గోరంత, మీరు పెట్టిన భోజనం కొండంత. "మూల కొట్లో పీపాలోంచి పట్టించిన చవక వైనండీ" అని మొహమాటపడ్డారు గానీ, ఆ మాంసపు ఉండల కూరతో మొదటి గుక్క దిగగానే ప్రాణం లేచొచ్చిందండీ. నేరేడుపండు వగరు, చివర్లో కాస్త మిరియం ఘాటు. మా ఆవిడ పోయిన ఈ మూడేళ్లలో ఇంత తృప్తిగా తిన్నది లేదు. ఉత్తరం మీరు కిటికీలోంచి తాడుతో దించే కూరల బుట్టలో పెట్టాను, తాడు లాగండి.

ఇట్లు,
కడుపు నిండిన ఎర్మెస్

తా.క. కుళాయి మళ్లీ కారితే చెప్పండి. వచ్చే ఆదివారం ఖాళీయే.

సోమవారం మధ్యాహ్నం

అయ్యా ఎర్మెస్ గారూ,

పొగిడింది చాలు. నాలుగు గంటలు కాచిన నా కోడి సూప్ సగం తాగి, మిగతా దాంట్లో గ్లాసెడు వైన్ గుమ్మరించారు! సూప్ బాగాలేదా, వైన్ గొంతు దిగలేదా? అది చూసే మా చెల్లెలు రొసాల్బా బల్ల కింద నా కాలు తొక్కింది.

ఇట్లు,
తల కొట్టేసినట్టున్న ఫిలోమెనా

తా.క. కుళాయి కారడం లేదు. కారినా మీకు చెప్పను.

సోమవారం సాయంత్రం

ఫిలోమెనా గారికి,

తప్పయిపోయింది, క్షమించండి. మా సొంతూరు మాంతోవా నుంచి తెచ్చుకున్న వైన్ నాలుగు సీసాలు బుట్టలో పెట్టాను. కాదనకండి.

ఇట్లు,
సిగ్గుతో ఎర్మెస్

తా.క. మెల్లగా లాగండి, బరువు.

మంగళవారం పొద్దున

ఎర్మెస్ గారూ,

నా వైన్ బాగాలేదని చెప్పడానికి నాలుగు సీసాలు కావాలా? తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
ఫిలోమెనా

తా.క. మూడే ఉన్నాయి. నాలుగోది గోడకి కొట్టుకుని పగిలింది. రెండో అంతస్తు వాళ్లు ఆరేసిన దుప్పట్లు ఎర్రబడ్డాయి. వాళ్లతో మీరే పడండి.

మంగళవారం మధ్యాహ్నం

ఫిలోమెనా గారికి,

దుప్పట్లు ఉతికి ఆరేశాను. సూప్ గిన్నెలో వైన్ పోసుకు తాగడం మా వైపు తాతల నాటి అలవాటండీ. పరాయి ఇళ్లలో పొయ్యం, మనింట్లోనే. మా ఆవిడ పోయాక నేనెక్కడా పోసుకోలేదు. మొన్న చెయ్యి దానంతటదే వెళ్లింది. మా ఇంట్లో ఉన్నాననుకున్నాను, అదే నా తప్పు.

ఇట్లు,
ఎర్మెస్

తా.క. మీ సూప్‌లో ఏ లోటూ లేదు, ఒట్టు.

మంగళవారం సాయంత్రం

ఎర్మెస్ గారికి,

మీ ఉత్తరం చదివి, తలుపేసుకుని, మిగిలిన సూప్ వేడిచేశాను. మొన్న వడ్డించే హడావుడిలో నేను ముట్టనే లేదు. మీలాగే చేద్దామని ముందు రెండు చెంచాలు ఉత్తిగా తాగాను. ఓరి దేవుడా, అందులో ఉప్పన్నదే లేదు! రొసాల్బా కాలు తొక్కింది దానికేనట, ఇప్పుడడిగితే చెప్పింది. పోయిన మా ఆయనైతే చిటికెడు తగ్గినా గిన్నె కిటికీలోంచి విసిరేవాడు. మీరు చుక్క మిగల్చకుండా తాగేశారు. పైగా అబద్ధపు ఒట్టొకటి! నా వంటని ఇంత మర్యాదగా తిన్నవాళ్లు ఎవరూ లేరండీ. మీ మేలు మర్చిపోను.

తర్వాత వైన్ పోసుకుని తాగాను. బాగుంది. ఆదివారం రండి. ఉప్పు నేను వేస్తాను, వైన్ మీరు పొయ్యండి.

ఇట్లు,
ఫిలోమెనా

తా.క. జవాబు బుట్టలో పెట్టకండి. మెట్లెక్కి వచ్చి చెప్పండి.