నిన్నటి బ్రెడ్డు

అమ్మకు, మేం ముగ్గురం కులాసా.

పాప నా చేతి వంట తింటోందా అని అడిగావు. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చి మూడు నెలలైనా, నేను వడ్డిస్తే "ఆకలి లేదు" అనేది. పోయిన వాళ్ళమ్మ చేసే ఫ్రెంచ్ టోస్ట్ తనకిష్టమని మీ అల్లుడు చెబితే, ఆదివారం తాజా బ్రెడ్డు తెచ్చి, గుడ్లూ పాలూ గిలకొట్టి ముంచాను. పెనం మీద ముద్దయిపోయింది. ఇంత చదువూ చదివి బ్రెడ్డు ముందు ఓడిపోయాను.

పాప వచ్చి చూసింది. "అయ్యో, తాజాది పాలల్లో నిలవదండీ. అమ్మ నిన్నటి బ్రెడ్డుతో చేసేది" అంది. నా దగ్గర వాళ్ళమ్మ మాటెత్తడం అదే మొదలు. తప్పు పట్టిందో, నేర్పిందో తేల్చుకోలేక రోజంతా సతమతమయ్యాను.

ఇవాళ ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో పళ్ళెంలో బ్రెడ్డు ముక్కలు ఆరబెట్టి ఉన్నాయి. "రేపు పొద్దున్నకి. మళ్ళీ పాడుచెయ్యకండి" అంది పాప.

ఎవరైనా ఇటు వస్తుంటే నీ పెద్ద పెనం పంపు, ఇక్కడిది రెండు ముక్కలకే సరి. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా?

పళ్ళెంలో ఆరు ముక్కలున్నాయి. తండ్రీ కూతుళ్ళు రెండేసి తింటారు. మిగిలిన రెండూ నాకేననుకోవచ్చా అమ్మా? అనుకుంటున్నాను.

మీ ఇద్దరికీ నమస్కారాలతో,
నీ పెద్దమ్మాయి