పెనాంగ్‌కు బస్సు ఉంది

చిక్కడపల్లి,
మే 1997

విఠలన్నకు,

మలేషియాలో నాలుగు రోజులు కారులో తిరిగొద్దామన్నది నువ్వే. మనలో కారు నడపడం వచ్చింది నాకొక్కదానికే. అందుకే అక్కడ నడిపే పర్మిట్ నేను తెచ్చుకున్నాను, అద్దె కారూ హోటళ్లూ నేనే మాట్లాడాను. పెనాంగ్‌లో సముద్రం కనిపించే గదులు దొరికాయి. ఆ వీధిలోనే ఇడ్లీ, సాంబారు కూడా ఉంటాయట.

నిన్న నారాయణగూడ మార్కెట్లో వదిన, "ఏమనుకోకమ్మా, మేం ఇంట్ల నుంచి బయల్దేరంగ నువ్వు ఎదురు రావద్దు. వేరే ఆటోల ఎయిర్‌పోర్టుకు రా" అంది. మా ఆయన పోయి మూడేళ్లయింది. విధవ ఎదురొస్తే ప్రయాణం చెడుతుందని ఆమె నమ్మకం.

"మరి అక్కడ రోజూ ముందు సీట్ల కూసునేది నేనే గద వదినా?" అన్నాను.

"అక్కడ మనోళ్లు ఎవరు చూస్తరు?" అంది.

నువ్వు పక్కనే ఉన్నావు. కొత్తిమీర బేరం చేస్తున్నావు.

కారు రద్దు చేశాను. నేను రావడం లేదు. గదులు మీ పేరు మీదే ఉన్నాయి. కౌలాలంపూర్ నుంచి పెనాంగ్‌కు బస్సు ఉంది. దాని డ్రైవరుకు పెళ్లాం బతికుందో లేదో, ఎక్కే ముందు వదినను కనుక్కోమను.

నీ చెల్లెలు