యాకోబు తువ్వాలు

జమ్మలమడుగు,
బుధవారం.

రూతమ్మకు,

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేయి. మా అన్నకు తెలిస్తే నన్ను ఈ ఇంట్లో కూడా ఉండనివ్వడు.

మా ఇంటాయన్ను నరికిన రోజు వీధిలో అందరూ తలుపులు వేసుకున్నారు. మీ ఆయన యాకోబు ఒక్కడే పరుగెత్తుకొచ్చి, తన తువ్వాలు గాయానికి చుట్టాడు. "ఏడవద్దమ్మా, జీపు వస్తాంది," అన్నాడు. జీపు వచ్చేలోగానే మా ఇంటాయన పోయాడు.

మరుసటి రోజు స్టేషన్లో మా పార్టీ పెద్ద ముద్దాయిల పేర్లు రాయిస్తూ, "ఏడుగురు చాలరు. యాకోబు గూడా ఆ నరికినోళ్ల చేన్లోనే పని చేస్తాండాడు గదమ్మా, రాయిద్దాం," అన్నాడు. నేను తలూపాను. అతను కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇప్పుడు ఆ మాట రోజూ అంటున్నాను, బియ్యం ఏరుతూ, బట్టలు ఉతుకుతూ.

ఆ తువ్వాలే అతని మీద సాక్ష్యమైంది. ఆరు నెలలుగా జైల్లో ఉన్నాడు. నిజం చెబుతానంటే మా వకీలు, "ఒక్క పేరు అబద్ధమన్నావంటే మిగతా ఏడుగురూ బయటికొచ్చేస్తారు," అన్నాడు. ఆ ఏడుగురూ నా కళ్ల ముందు నరికినవాళ్లే.

సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో ఎనిమిది మందినీ వేలు పెట్టి చూపించమంటారు. నువ్వు ఎదురుగా ఉంటే యాకోబు దగ్గర నా వేలు లేవదు. అందుకే నిన్ను రావద్దని రాద్దామని కూర్చున్నాను. ఇంత రాశాక రమ్మనాలనిపిస్తోంది.

నాకు తేలడం లేదు, రూతమ్మా. రావాలో వద్దో నువ్వే తేల్చుకో. నన్ను మాత్రం అడగొద్దు.