ఊపిరి కనపడకూడదు

రహమత్ నగర్, హైదరాబాద్
20-2-1991

పూజ్యురాలైన అక్కయ్యకి చెల్లెలు సత్యలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ క్షేమమని రాయడం ఆనవాయితీ గనక రాస్తున్నాను. అక్కడ అమ్మ, బావగారు, పిల్లలు కులాసా అని తలుస్తాను.

మీ మరిది నిద్ర సంగతి అడిగావు. పాప పోయినప్పటి నుంచి ఇంట్లో ఆయన రెప్ప వాల్చింది లేదు. రాత్రి షూటింగు నుంచి వచ్చి, పాపని పక్కలో వేసుకుని కునుకు తీసినప్పుడే కదా, అది లేచి వెళ్లి నీళ్లు నిండిన క్వారీ గుంటలో పడింది! నేను మేలుకుని ఉంటాను, మీరు పడుకోండి అంటే వినరు. నిద్ర లేకపోతే మతి నిలవదని డాక్టరు ముందే చెప్పారు. మొన్న ఈయన నన్నే చూసి, ఎవరు కావాలండీ అని అడిగారు.

విచిత్రం ఏమిటంటే, ఫిల్మ్ నగర్‌లో శవం వేషం వేస్తే మాత్రం హాయిగా నిద్రపోయేవారు. తోటి జూనియర్ ఆర్టిస్టులు ఎవరూ ఇష్టపడని ఆ వేషం ఈయన అడిగి మరీ వేసేవారు. అంతమంది తననే చూస్తుంటే ఇక తను దేనికీ కాపలా ఉండక్కర్లేదట. కానీ నిద్ర గాఢమైతే ఛాతీ లేచి పడుతుంది కదా. కెమెరాలో ఊపిరి కనపడిందని డైరెక్టరు మండిపడి, ఇక ఈయన్ని పిలవద్దన్నారు. మెలకువగా ఉండి ఊపిరి బిగబట్టేవాడే వాళ్లకు కావాలి.

నేనేం చేశానో చెబితే తిడతావు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, తెల్లదుప్పటి కప్పి, బంతిపూల దండ వేసి, తల దగ్గర దీపం పెట్టాను. ఇంటిగలావిడ ఎల్లమ్మ చూసి, గిదేం పనే, మొగడు బతికుండంగ గిట్ల జేస్తరా అని నెత్తి కొట్టుకుంది. బతకాలనే చేస్తున్నాను అన్నాను. సంగతంతా విన్నాక ఆవిడే ఇరుగుపొరుగుని పిలుచుకొచ్చి, మేమంత జూస్కుంట కూసుంటం, జర ఫికర్ జెయ్యకు అంది. అందరం చుట్టూ కూర్చున్నాం. నేను ఏడ్చాను. దానికి నటన అవసరం రాలేదు.

ఆయన నిద్రపోయారు అక్కయ్యా! పొద్దువాలేదాకా కదల్లేదు. ఇంక బెంగ పెట్టుకోవద్దని అమ్మతో చెప్పు.

నీ చెల్లెలు,
సత్యలక్ష్మి

తా.క. పైదంతా అమ్మకి చదివి వినిపించు. ఇది నీ ఒక్కదానికే. ఆయన నిద్రపోలేదు. ఒక్కసారి లేచి పడితే చాలని అంతసేపూ ఆయన ఛాతీనే చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు. దీపం ఒత్తి ఎగదోయడానికి నేను అటు తిరిగినప్పుడల్లా గబగబా ఊపిరి పీల్చుకోవడం వినపడేది, నేను ఇటు తిరిగేసరికి మళ్లీ బిగబట్టేవారు. నా కోసమే. బాగా నిద్రపట్టింది, వచ్చే ఆదివారం కూడా అలాగే పడుకుంటానన్నారు. సరేనన్నాను.